ఏం తీసుకుంటారండీ?

(మోర్మన్లుగా చాలామందికి తెలిసిన యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో మిషన్ సేవకు, అంటే ఇల్లు విడిచి వేరే ఊళ్లలో సువార్త చెప్పే పనికి, సిద్ధమవుతున్న యువతీయువకులు, వారి తల్లిదండ్రుల ముందు రాజమహేంద్రవరంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సహోదర సహోదరీలారా, అందరికీ నమస్కారం.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో. అయినా నిన్న రైలు కొవ్వూరు దాటి గోదావరి మీదికి రాగానే సీట్లో కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అవతల రైళ్లు నడవని పాత హేవలాక్ వంతెన, కింద ఇసుక తిన్నెలు, దూరంగా రేవుల్లో మెట్లు. ఈ ఊళ్లో నేనున్నది ఎనిమిది నెలలే. 2022 మార్చి నుంచి అక్టోబరు దాకా. నా రెండేళ్ల మిషన్‌లో ఇంకో నాలుగు ఊళ్లలో పనిచేశాను గానీ, ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ముందు కనిపించేది ఈ ఊరే.

మిషనరీల రోజువారీ జీవితం గురించి, ఆత్మీయంగా ఎదగడం గురించి మాట్లాడమన్నారు. రెండూ కలిపే చెబుతాను. విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

ముందు అమ్మల కోసం. ఇందాక బయట ఇద్దరు ముగ్గురు అమ్మలు నన్ను పట్టుకుని, పిల్లలు ఏం తింటారు, ఎప్పుడు పడుకుంటారు అని అడిగారు. పొద్దున్న ఆరున్నరకు లేవాలి. మోకరించి ప్రార్థన, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. ఎనిమిదింటికి ఎవరి లేఖనాలు వాళ్లు చదువుకోవడం, తర్వాత ఇద్దరూ కలిసి చదవడం. ఆ ప్రాంతపు భాష రానివాళ్లకు భాష పాఠం కూడా. పది దాటాక బయటికి వెళితే మళ్లీ గది చేరేది రాత్రి తొమ్మిది ప్రాంతంలో. మర్నాడు ఎవరి దగ్గరికి వెళ్లాలో రాసుకుని పదిన్నరకల్లా లైటు ఆర్పేయాలి. సినిమాలు లేవు, టీవీ లేదు. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకూడదు, ఎప్పుడూ జోడీగా ఉండే తోటి మిషనరీతోనే, అంటే కంపానియన్‌తోనే. ఆ కంపానియన్‌ని మనం ఎంచుకోము. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుంది, అందులో ఎవరి పేరు ఉంటే వాళ్లతోనే. సోమవారం సిద్ధపాటు దినం. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి మెయిల్ రాయడం, ఫోన్ చేయడం అన్నీ ఆ రోజే. 2019 ఫిబ్రవరికి ముందు వెళ్లిన అన్నయ్యలను అడగండి, వాళ్లకు ఏడాదికి రెండుసార్లే ఫోను. క్రిస్మస్‌కు ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి. ఇప్పుడు వారం వారం వీడియో కాల్ చేసుకోవచ్చు. కాబట్టి అమ్మలూ, టెన్షన్ పడకండి.

జీతం ఉండదు. ఖర్చులో కొంత ఇంటివాళ్లు పెట్టుకుంటారు, కొంత సంఘం సాయం చేస్తుంది. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర. అబ్బాయిలు 18 ఏళ్లకే వెళ్లొచ్చన్న నియమం 2012లో వచ్చింది, అంతకు ముందు 19 నిండాలి. నేను వెళ్లేనాటికి కొవిడ్ ఇంకా పూర్తిగా పోలేదు. మామూలుగా మన పిల్లలకు శిక్షణ మనీలాలో ఉంటుంది కదా, నాకు మాత్రం మా ఇంట్లోనే, జూమ్‌లో జరిగింది. మా అమ్మ వంటగదిలో పోపు పెడుతుంటే నేను పక్క గదిలో టై కట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి.

సరే, ఈ ఊరి సంగతికి వస్తాను.

ఆ ఎనిమిది నెలల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటుంది. దేవుడి గురించీ కాదు, బైబిలుతో పాటు మేము లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథం గురించీ కాదు. "ఏం తీసుకుంటారండీ?" గడప దాటి లోపల అడుగు పెట్టామో లేదో ఈ మాటే. టీ పెట్టమంటారా, కాఫీ పెట్టమంటారా. మీకు ఇది రోజూ వినే మాట కాబట్టి ఇందులో విశేషమేమీ కనిపించదు. హైదరాబాదులో ఇరానీ హోటల్ పక్కన పెరిగిన నాకు కూడా టీ కొత్త కాదు. కానీ ఈ గడ్డ మీద ఆ ప్రశ్న వేరు. చిన్నపిల్లాణ్ణి కూడా "రండి" అని పిలిచే చోటు ఇది. మనిషిని కూర్చోబెట్టి నోరు తడపకుండా పంపితే ఇంటికే తక్కువతనమని అనుకుంటారు.

మేమేమో టీ తాగం, కాఫీ తాగం. ఇక్కడున్న తల్లిదండ్రుల్లో మన సంఘంలో లేనివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఒక మాట చెబుతాను. జ్ఞాన వాక్యము అని మాకొక నియమం ఉంది. 1833లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కర్ట్‌లండ్ అనే ఊళ్లో మా సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ద్వారా అది వచ్చిందని మా విశ్వాసం. సారా, కల్లు, పొగాకు ముట్టకూడదు. అందులో వేడి పానీయాలు అన్న చోట టీ, కాఫీ అని అర్థం చెప్పుకుంటాం. వేడి పాలు తాగొచ్చు, కషాయం తాగొచ్చు. మెయిన్ రోడ్డులో దొరికే మీ రోజ్ మిల్క్ మేము ఎన్ని గ్లాసులు తాగామో లెక్కే లేదు.

నియమం చిన్నదే. దాన్ని నేను పాటించిన తీరు గురించి చెప్పాలి.

ధవళేశ్వరంలో ఒక ఇల్లు. ఆ ఇంటి అబ్బాయి మన సంఘ సభ్యుడు, ఎలక్ట్రీషియన్ పని చేస్తాడు. మేము ఇల్లిల్లూ తలుపు తట్టే పని పెట్టుకోలేదు, సభ్యులు రమ్మని పిలిచిన ఇళ్లకే వెళ్లేవాళ్లం. అతను తన బావమరిది ఏవో తెలుసుకోవాలనుకుంటున్నాడని పిలిస్తే వెళ్లాం. ఆ ఇంట్లో వాళ్లమ్మగారు ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. మేము మామ్మ గారూ అనేవాళ్లం. ఆవిడ మన సంఘంలో లేరు, ఇప్పటికీ లేరు. గోడకు వినాయకుడి క్యాలెండరు, దాని కింద ఆవిడ భర్త ఫోటో.

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆవిడ ఏమీ అడగకుండానే రెండు స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చారు, కింద చిన్న ప్లేట్లు పెట్టి. చిక్కటి పాలతో పెట్టారు, పైన మీగడ తేలుతోంది. నేను చెయ్యి అడ్డం పెట్టి, "వద్దండి, మేం టీ తాగం. మాకు రూలు" అన్నాను. అని వెంటనే సంచిలోంచి పుస్తకం తీసి బావమరిది వైపు తిరిగాను.

ఆవిడ "ఓహో" అన్నారు. గ్లాసులు పట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు. వంటింట్లోంచి రెండు గ్లాసులూ ఒకదాని తర్వాత ఒకటి గిన్నెలోకి వంపిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత మేము లేచి వెళ్లేదాకా ఆవిడ బయటికి రాలేదు. ఆ చప్పుడు నాకు ఆ రోజు ఏమీ అనిపించలేదు. పాఠం బాగా జరిగింది, బావమరిది మంచి ప్రశ్నలు అడిగాడు. రాత్రి గదికి వెళ్లి ఆ వారం లెక్కలో ఒకటి కలుపుకున్నాను. మిషనరీలకు వారం వారం లెక్కలుంటాయి. కొత్తగా ఎంతమందికి బోధిస్తున్నాం, ఎంతమంది ఆదివారం ఆరాధనకు, అంటే సంస్కార కూడికకు వచ్చారు, ఎంతమంది బాప్తిస్మానికి తేదీ అనుకున్నారు. నాకు ఆ అంకెలంటే అప్పట్లో చాలా పట్టింపు. మామ్మ గారికి ఆ లెక్కలో గడి లేదు.

నా కంపానియన్ నాగాలాండ్ నుంచి వచ్చిన కుర్రవాడు. నాకంటే ఏడాది చిన్న. అతనికి తెలుగు రాదు, నాకు అతని భాష రాదు, మధ్యలో హిందీ, ఇంగ్లీషు. మొదటి నెల మా ఇద్దరికీ అంతగా పొసగలేదు. అతను ఆరింటికే లేచి స్నానాల గదిలో కీర్తనలు పాడేవాడు. ఆ మిగిలిన అరగంట నిద్ర నాకు ప్రాణం. అతను వండే ఎండు చేపల వాసనకు నేను కిటికీలు తెరిచేవాణ్ణి, నేను పెట్టే ఆవకాయ పోపుకు అతను దగ్గేవాడు. ఇవి చిన్న విషయాలని మీకు అనిపిస్తుంది. ఇరవై నాలుగు గంటలూ ఒకే మనిషితో, ఒకే గదిలో ఉన్నప్పుడు చిన్న విషయాలే కొండలవుతాయి. ఇంట్లో అయితే తలుపు వేసుకుంటాం, ఫ్రెండ్ దగ్గరికి వెళ్లిపోతాం. ఇక్కడ ఎక్కడికీ వెళ్లలేం. సాయంత్రం గొడవ పడ్డ మనిషితోనే రాత్రి మోకరించి ప్రార్థన చేయాలి. కోపం పెట్టుకుని పక్కన మోకరించి చూడండి, నోట్లోంచి మాట రాదు. నేను క్షమాపణ అడగడం నేర్చుకున్నది అక్కడ. గుడ్‌నైట్ చెప్పే ముందు అడగక తప్పేది కాదు.

వారానికోసారి ప్లానింగ్ అయిపోయాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి గురించి ఒకరు మాట్లాడుకోవాలని మాకొక పద్ధతి ఉంది. మంచీ చెప్పాలి, మారాల్సిందీ చెప్పాలి. ఆ వారం నేను స్నానాల గది పాటల గురించి చెప్పాను. అతను విని సరేనన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, హిందీలో మెల్లగా అన్నాడు. "నువ్వు ఇంట్లోకి వెళితే చెప్పులు విప్పకముందే పుస్తకం తీస్తావు. ఆ ముసలమ్మ ముఖం చూశావా ఆ రోజు? నేను చూశాను. నాకు భాష రాదు కదా, అందుకని నేను ముఖాలే చూస్తూ కూర్చుంటాను."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్లాసులు వంపిన ఆ చప్పుడు అప్పుడు వినపడింది నాకు, సరిగ్గా.

మర్నాడు పొద్దున్నే చదువు సమయంలో నేను లేఖనాలు తెరిచి ఊరికే కూర్చున్నాను. మోర్మన్ గ్రంథంలో బెన్యామీను రాజు తన ప్రజలకు చెప్పిన మాటలు మీకు తెలుసు. తోటి మనుషులకు చేసే సేవే దేవుడికి చేసే సేవ అని. ఆ భాగం నేను ఎన్నో ఇళ్లలో చదివి వినిపించాను. ఆ వేళ అది నన్ను చూసి చదువుతున్నట్టు అనిపించింది.

వారం తిరక్కముందే మళ్లీ వెళ్లాం. బావమరిది లేడు, ఎలక్ట్రీషియన్ అబ్బాయి ఉన్నాడు. మామ్మ గారు గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. నేను మెట్టు మీద కూర్చున్నాను. "మామ్మ గారూ, మొన్న మీరు తెచ్చింది వద్దన్నాను. చెప్పిన పద్ధతి తప్పండి. టీ, కాఫీ ముట్టనని దేవుడికి మాటిచ్చాను, అంతే. బాగా దాహంగా ఉంది, మజ్జిగ ఉంటే ఇస్తారా?" అన్నాను.

ఆవిడ చింతపండు చెయ్యి పళ్లెం అంచుకు రాసుకుని నా వైపు చూశారు. "అలాగా బాబూ. మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనోళ్లను నా చిన్నప్పుడు చాలామందిని చూశానండి. మీరూ అలాంటోళ్లే అనుకున్నాను" అన్నారు.

నేను ఏమనాలి? నా తలలో అది ఆరోగ్యం గురించిన నియమం, దేవుడికిచ్చిన మాట. ఆవిడ డెబ్బై ఏళ్ల జీవితంలో తన చేతి గ్లాసును వద్దన్న మనిషికి ఒకటే అర్థం ఉంది. కులం. మా ఒంటి మీద తెల్ల చొక్కా, టై, పేరు రాసిన నల్ల బ్యాడ్జి ఉన్నాయి, నోట్లో దేవుని బిడ్డలందరూ సమానమన్న పాఠం ఉంది. అదే ఇంట్లో, అదే పూట ఆవిడ చేతిలోంచి గ్లాసు తీసుకోకుండా వెనక్కి పంపాను.

ఆవిడ లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చారు. అల్లం దంచి, కరివేపాకు తుంచి వేశారు, అడుగున ఉప్పు రాయి ఇంకా కరగలేదు. ఆ గ్లాసు మామూలు గ్లాసు కాదు, బరువైన పాత స్టీలు గ్లాసు. దాని మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. వాళ్లాయన పేరట. ఆయన పోయాక దాన్ని ఎవరికీ ఇవ్వలేదని కొడుకు తర్వాత చెప్పాడు. ఆ రోజు నేను మూడు గ్లాసులు తాగాను.

నియమం మారలేదు. మిషన్ అయ్యేదాకా, ఇప్పటిదాకా నేను టీ ముట్టలేదు. కానీ ఆ రోజు తర్వాత ఏ ఇంటికి వెళ్లినా ముందు కూర్చునేవాణ్ణి, వాళ్లు అడగకముందే "కాస్త మంచినీళ్లిస్తారా అండీ" అని నేనే అడిగేవాణ్ణి. అడిగి పుచ్చుకున్న మనిషిని ఇక్కడివాళ్లు పరాయివాడిలా చూడరు.

మనవాళ్లలో ఈ సువార్త మొదలైన తీరు కూడా ఇలాంటిదే. 1978లో ధర్మరాజు దంపతులు, ఎడ్విన్ గారు, ఎల్సీ గారు, పసిఫిక్ దీవుల్లోని సమోవా నుంచి హైదరాబాదు వచ్చారు. వాళ్లు సంఘంలో చేరింది సమోవాలోనే. మిషనరీలుగా పిలుపు అందుకుని వాళ్లు వచ్చింది ఎవరి దగ్గరికి? తమ సొంత బంధువుల దగ్గరికి. అప్పుడు బాప్తిస్మం పొందిన 22 మందీ చుట్టాలే. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పని చేసింది ఎల్సీ గారి తండ్రి, ఆయన బాప్టిస్టు పాస్టరు. మేనత్తలు, బాబాయిలు, వియ్యంకులు కూర్చున్న గదిలో, భోజనాల మధ్యలో ఆ మాటలు జరిగి ఉంటాయని నేను ఎప్పుడూ ఊహించుకుంటాను.

ఈ డెల్టాకు అంతకంటే చాలా ముందే వేరే సంఘాలవాళ్లు వచ్చారు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లాండు నుంచి 1836లో వచ్చి, తర్వాత నరసాపురం వైపు స్థిరపడ్డారు. వాళ్ల సంఘం వేరు, మన సంఘం వేరు. అయినా వాళ్లను తలుచుకుంటే నాకు గౌరవం. ఈ ఎండలో, ఆనకట్ట ఇంకా కట్టని రోజుల్లో, ముందు తెలుగు నేర్చుకున్నారు.

తెలుగు నేర్చుకోవడం అంటే మా కంపానియన్ గుర్తొస్తాడు. పాత క్యాలెండరు కాగితాలు చింపి, వెనకవైపు అక్షరాలు దిద్దేవాడు. ళ పలకడానికి అద్దం ముందు నిలబడి నాలుక మడిచేవాడు. అతను నేర్చుకున్న మొదటి పూర్తి వాక్యం మామ్మ గారి దగ్గరే. "మజ్జిగ చాలా బాగుందండి." రెండోది "ఆయ్". ఆవిడ ఏం చెప్పినా "ఆయ్" అనేవాడు, ఆవిడకు ఎంత సంతోషమో. అతనికి పాఠం చెబుతూ నేను నా భాషను మళ్లీ విన్నాను. హైదరాబాదులో నేను "ఏం చేస్తున్నవ్" అనే చోట ఇక్కడ "ఏం చేస్తున్నారండీ" అంటారు. ప్రార్థనలో దేవుణ్ణి "మీరు" అనాలా "నీవు" అనాలా అని అతను అడిగినప్పుడు నేను చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న ప్రార్థన, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాకు రాలేదు. ఆ పూట నుంచి బట్టీపట్టిన మాటలు తగ్గి, నా ప్రార్థన చిన్నదైంది. ఆగి వినడం మొదలుపెట్టాను.

ఆ జూలైలో గోదావరి వచ్చింది. మీరంతా చూసినవాళ్లే, నేను చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి వదిలారు. కోనసీమ లంకల్లో ఇళ్లు కప్పుల దాకా మునిగాయి. నీళ్లు తీశాక, మిషనరీలందరి బాధ్యత చూసే మిషన్ అధ్యక్షుల అనుమతి తీసుకుని, ఇక్కడి సభ్యులతో కలిసి ఒక లంక గ్రామానికి వెళ్లాం, సభ్యుల బంధువుల ఇళ్లు కడిగిపెట్టడానికి.

ఒండ్రు అంటే పుస్తకాల్లో చదివాను. పొలానికి బంగారం అంటారు. ఇంట్లోకి వచ్చిన ఒండ్రు వేరు. మోకాలు కింది దాకా, పాయసంలా చిక్కగా, ఒక రకమైన పుల్లటి వాసన. పారతో ఎత్తితే జారిపోతుంది, తట్టతో మోస్తే చేతుల మీద కారుతుంది. మంచం కోళ్లు, బియ్యం డబ్బా, పిల్లల స్కూలు పుస్తకాలు అన్నీ అందులోనే. ఒక పెళ్లి ఆల్బం తీశాం, పేజీలు అతుక్కుపోయాయి. ఆ ఇంటావిడ దాన్ని కొంగుతో తుడిచి గోడకు ఆనించి ఎండకు పెట్టింది. ఆ ముఖాలు ఇక కనిపించవని ఆవిడకూ తెలుసు.

మధ్యాహ్నానికి నడుములు పడిపోయాయి. అరుగు మీద కూలబడ్డాం. ఆ ఇంటాయన మా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇంట్లో పొయ్యి లేదు, గిన్నె లేదు, బియ్యం లేవు. ఆయన అడిగాడు. "ఏం తీసుకుంటారండీ?"

నేను "అయ్యో, ఏం వద్దండి, మీరే ఇంత కష్టంలో..." అనబోయాను. మా కంపానియన్ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. లేచి నిలబడి, వచ్చిన తెలుగులో, "కొబ్బరి నీళ్లు ఇవ్వండి" అన్నాడు. ఆయన ముఖం ఎలా మారిందో నేను చెప్పలేను. వెంటనే కొడుకును చెట్టెక్కించాడు. నీళ్లు ముంచినా చెట్టు మీద కాయలు అలాగే ఉన్నాయి. ఆయన చేత్తో కాయ చెక్కి, ఒక్కొక్కరికీ ఇచ్చి, మేము తాగుతున్నంతసేపూ ఎదురుగా నిలబడ్డాడు. రెండు రోజులుగా సహాయ శిబిరంలో పులిహోర పొట్లాల కోసం లైనులో నిలబడ్డ మనిషి. ఆ పూట ఆయన ఇంటి యజమాని. ఇంకో కాయ తాగమని మమ్మల్ని గద్దించాడు కూడా.

తిరిగి వస్తూ బస్సులో కంపానియన్ని అడిగాను, నీకెలా తోచిందని. వాళ్ల ఊళ్లో కొండచరియలు పడ్డప్పుడు బయటినుంచి వచ్చినవాళ్లు అందరూ ఇచ్చి వెళ్లారట, ఎవరూ వాళ్లమ్మ చేతి అన్నం తినలేదట. ఆవిడ ఇప్పటికీ ఆ మాట చెబుతుందట.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఇది చెప్పాలా వద్దా అని రైల్లో ఆలోచిస్తూ వచ్చాను. వెళ్లబోయే పిల్లలకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను.

సెప్టెంబరులో మా అమ్మమ్మ పోయింది. నన్ను పెంచిన మనిషి. సోమవారం కాదు, ఫోన్ వచ్చే రోజు కాదు. మిషన్ అధ్యక్షులు ఫోన్ చేసి చెప్పారు. వెళ్లాలా, ఉండాలా అన్నది ఇంటివాళ్లతో మాట్లాడుకుని నిర్ణయించుకోమన్నారు. అమ్మ ఏడుస్తూనే, "అమ్మమ్మ నిన్ను పంపింది పని మధ్యలో రమ్మని కాదు" అంది. ఉండిపోయాను. అంత్యక్రియలు ఫోన్‌లో చూశాను, మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. నేను చేసింది సరైనదని నాకు దేవుడి దగ్గర సమాధానం వచ్చింది, అది నిజం. ఇప్పటికీ ఆ బరువు దిగలేదు, అదీ నిజం. మీలో ఎవరికైనా ఇలాంటి రోజు వస్తే రెండూ కలిసే ఉంటాయని తెలిసి ఉండండి. బరువుంది కదా అని సమాధానం రాలేదనుకోకండి.

మర్నాడు ధవళేశ్వరం వెళ్లాలని ముందే అనుకున్నాం. కంపానియన్ మానేద్దామా అన్నాడు, నేను వెళదామన్నాను. గదిలో ఉంటే గోడలు మీదికొస్తున్నాయి. అక్కడ ఎవరో ముందే చెప్పినట్టున్నారు. మామ్మ గారు ఆ రోజు ఏం తీసుకుంటారని అడగలేదు. నేను మెట్టు మీద కూర్చుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి లోపలికి వెళ్లి, ఆ పేరు కొట్టించిన గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి, మళ్లీ కూర్చున్నారు. నేను ఏడ్చాను. రెండేళ్లలో ఎంతోమందికి ఓదార్పు మాటలు చెప్పడం నా పని. ఆ పూట మన సంఘంలో లేని, మన పుస్తకం తెరవని ఒక పెద్దావిడ చేతుల మీదుగా పరలోకపు తండ్రి నాకు ఓదార్పు పంపాడు. దాన్ని నేను అలాగే నమ్ముతాను.

వచ్చే నెల బయల్దేరుతున్న తమ్ముళ్లిద్దరికీ, చెల్లెలికీ. తెల్ల బట్టలు ఎక్కువ కొనకండి, కాలర్లు ఎలాగూ పోతాయి, మంచి బ్రష్ ఒకటి కొనుక్కోండి. పప్పు, చారు, గుడ్డు కూర వండటం ఈ వారంలోనే అమ్మ దగ్గర నేర్చుకోండి. అలారం రేపటి నుంచే ఆరున్నరకు పెట్టండి, అక్కడికి వెళ్లి అలవాటు చేసుకుంటానంటే మొదటి నెలంతా నిద్రతోనే సరిపోతుంది. మీకు ఏ భాషవాళ్లు కంపానియన్‌గా వచ్చినా వాళ్ల భాషలో పది మాటలు నేర్చుకోండి. వాళ్లు మీ గురించి చెప్పేది నచ్చకపోయినా పూర్తిగా వినండి.

ధవళేశ్వరం చివరి షేర్ ఆటోలు తొమ్మిది దాటితే దొరకవు, అందుకని ఇక ఆపుతాను. పొద్దున్న ఫోన్ చేస్తే మామ్మ గారు కొడుకు చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. ఆవిడకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, గొంతు మాత్రం గుర్తుపట్టారు. రాత్రి భోజనానికి వస్తేనే మాట్లాడతానన్నారు. పనసపొట్టు కూర చేయిస్తున్నారట.

యేసు క్రీస్తు జీవించి ఉన్నాడని, నన్ను పేరు పెట్టి ఎరుగునని నాకు తెలుసు. ఆయన నామమున, ఆమేన్.